దొరికిన చోటు

పొలంలో నాగలికర్రుకు ఏదో తగిలి ఖంగుమంటే, ఆ తగిలింది ఎవరిది? దున్నేవాడిదా, పట్టా వున్నవాడిదా, సర్కారుదా? మా కామారెడ్డి ప్రాంతంలో ఈ ప్రశ్న అడిగితే నలుగురు నాలుగు రకాలుగా చెబుతారు. భూమ్మీది పంట మనది, భూమిలోది భూదేవిది అంటారు పెద్దవాళ్ళు. లంకెబిందెల మీద నాగుబాము కాపలా వుంటుందనీ, రాసిపెట్టి వున్నవాడికే అవి దక్కుతాయనీ అంటారు. ఆ రాసిపెట్టి వున్నది తమకేనని నమ్మకం కుదిరినవాళ్ళు కొందరు అర్ధరాత్రి గడ్డపారలు పట్టుకుని పాత గుళ్ళ మీద పడతారు. పాపం నందీశ్వరుడి కింద కూడా తవ్వుతారు. వాళ్ళ సంగతి పోలీసులు చూసుకుంటారు గనక వదిలేద్దాం. నన్ను ఆలోచనలో పడేసింది దొంగ కాదు, మంచివాడు.

కామారెడ్డి బెల్లానికి పేరుపడ్డ ఊరు. అక్కడి మార్కెట్టులో పరిచయమైన పెద్దాయన ఒకాయన వున్నాడు. ఆయనది ఎల్లారెడ్డి అవతల ఒక పల్లె. ఒకరి సొమ్ము ఒక్క పైసా ముట్టడు. కాటా దగ్గర తనకు రెండు కిలోలు ఎక్కువ తూగితే తనే వెనక్కి పిలిచి చెప్పే రకం. ఒకసారి ఇద్దరం ఎల్లారెడ్డి బస్సులో పక్కపక్కన కూర్చున్నాం. పాత నాణేల గురించి చదివే పిచ్చి నాకుందని తెలిసి, మాటల్లో తనే ఎత్తాడు. వాళ్ళ నాయిన బతికి వున్నప్పుడు చెలక చదును చేస్తుంటే చిన్న మట్టిముంత బయటపడిందట. దాన్నిండా వెండి బిళ్ళలు.

"ఎన్నుంటాయి?" అన్నాను.

"లెక్క పెట్టలే సారూ. రెండు దోసిళ్ళుంటయి. అవుసలాయన దగ్గర కరిగిచ్చినం. మా చెల్లె పెండ్లయింది. మిగిలినదాంట్ల అమ్మకు కడియాలు చేపిచ్చినం."

బిళ్ళ మీద ఏముందంటే, మనిషి తలకాయ వుందన్నాడు. అంటే రోమను చక్రవర్తి కావచ్చు, విక్టోరియా రాణీ కావచ్చు. కొలిమిలోకి వెళ్ళాక ఇద్దరూ ఒకటే. సరే, ఏ చెలకలో దొరికాయని అడిగాను. అంతవరకూ గలగలా మాట్లాడిన మనిషి కిటికీలోంచి బయటకు చూశాడు.

"గదొక్కటి మాత్రం అడగకు సారూ. చెప్తే నాకేమొస్తది? చెప్పకపోతే ఎవలికేం పోతది?"

మొదటి ప్రశ్నకు జవాబు తేలికే. ఏమీ రాదు, వస్తే గిస్తే తలనొప్పి వస్తుంది. రెండోదే నన్ను ఇన్నాళ్ళుగా వదలకుండా పట్టుకుంది.

మామూలు దొంగతనంలో పోగొట్టుకున్నవాడు ఒకడుంటాడు. లబోదిబోమంటాడు, పోలీసు ఠాణాకు పోతాడు. ఇక్కడ ఏడ్చేవాడు లేడు. సొమ్ము గలవాడు మట్టిలో కలిసి ఎన్ని వందల ఏళ్ళయిందో. వెండి ఒక ఇంట్లో పెళ్ళి చేసింది, ఒక తల్లి కాళ్ళకు చేరింది. ఆ ఆడపిల్ల పెళ్ళి కంటే ఏ చక్రవర్తి ముఖమో గొప్పదని నేననను. అనేవాళ్ళెవరైనా వుంటే వాళ్ళింట్లో పెళ్ళీడు పిల్ల లేదన్నమాట. అయినా ఏదో పోయిందని నా మనసు పీకుతూనే వుంది. ఎవరూ ఏడవని నష్టం నష్టమేనా?

అసలు ఆ ముంతను పాతిపెట్టినవాణ్ణి తలుచుకోండి. వెండిని భూమిలో పెట్టి శాశ్వతంగా వదిలెయ్యాలని ఎవడూ పెట్టడు. దండు వస్తుందనో, దొంగల భయమనో, దూరప్రయాణమనో దాస్తాడు. నాలుగు రోజులాగి వచ్చి తీసుకుందామనుకుంటాడు. అలా వచ్చి తవ్వుకుపోయినవాళ్ళ ముంతలు మనకు దొరకవు. మనకు దొరికేవన్నీ తిరిగి రాలేకపోయినవాళ్ళవే. మ్యూజియంలో అద్దాల పెట్టె ముందు నిలబడి "ఆహా" అంటామే, ఆ కుప్పలో చాలా భాగం ఎవరి దురదృష్టమో. వాడు పెళ్ళాంతోనైనా చోటు చెప్పి వుంటే అది మనదాకా వచ్చేదే కాదు. వాడు చోటు చెప్పకపోవడం వల్ల ఒకసారి పోయింది. దొరికినవాడు చోటు చెప్పకపోవడం వల్ల రెండోసారి పోయింది.

చోటులో ఏముందని మీరడగవచ్చు. నల్లగొండ జిల్లా అక్కనపల్లెలో ఒక వెండి నిధి దొరికింది. అందులో 1531 రోమను దీనారాలు. అవి అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల కాలానివి, అంటే క్రీస్తుశకం మొదటి శతాబ్దం మొదటి భాగం వరకు. ఎంత వెండి అని అవుసలాయన చూస్తాడు. చరిత్ర చదివినవాడు మరోలా చూస్తాడు. కుప్పలో అన్నిటికంటే కొత్త నాణెం ఏదో వెతుకుతాడు. అది అచ్చయిన తరువాతే కుండ పాతిపెట్టి వుండాలి గదా. ఎంత తరువాత అన్నది వేరే లెక్క. టైబీరియస్ నాణెం దొరికింది గనక టైబీరియస్ నాడే పాతారనుకుంటే పప్పులో కాలేసినట్టే. రోములో నీరో చక్రవర్తి 64లో వెండి దీనారం బరువు తగ్గించి, వెండిలో కల్తీ కలిపాడు. మన వ్యాపారులు అమాయకులా? పాత మంచి వెండినే కోరి తీసుకున్నారు. అందుకని పాత నాణేలు ఇక్కడ చాలాకాలం చేతులు మారి వుండవచ్చు. ఇండియా ఏటా 5 కోట్ల సెస్టర్సులు లాగేస్తోందని ప్లినీ అనే రోమను పండితుడు వాపోయింది కూడా ఆ శతాబ్దంలోనే. ఆయన ఏడుపు అక్కడ, ఆ వెండి ఇక్కడ నల్లగొండ మట్టిలో. ఈ రెండింటినీ కలిపింది ఒక ఊరి పేరు. అక్కనపల్లె అన్న మాట తీసేస్తే మిగిలేది 1531 వెండి బిళ్ళలు.

తమిళనాట పుదుక్కోట దగ్గర 1898లో 501 రోమను బంగారు నాణేలు దొరికాయి. వాటిలో చాలావాటి మీద చక్రవర్తి ముఖాన ఉలితో గాటు పెట్టి వుంది. ఎందుకు పెట్టారు? బంగారం లోపల కూడా బంగారమేనా అని చూడటానికని కొందరు, ఇక నాణెంగా చెల్లదని చెప్పటానికని కొందరు. ఏ కారణమైనా ఒక్క నాణెం చూసి తేల్చలేరు. కుప్పంతా ఒకచోట వుంటేనే ఆ తగువు కూడా సాధ్యం. తగువు పడే వీలు వుండటం కూడా ఒక ఆస్తే అని నా అభిప్రాయం.

ఇక్కడే మన కోటిలింగాల కథ చెప్పాలి. గోదావరిలో పెద్దవాగు కలిసే చోట వున్న ఊరు. అక్కడ దొరికిన పాత నాణేలను ఆ ప్రాంతపు సంగనభట్ల నరహరి శర్మగారు ఓపికగా పోగుచేశారు. 1970ల చివర్లో డాక్టర్ పి.వి. పరబ్రహ్మ శాస్త్రిగారు వాటి మీది అక్షరాలు చదివారు. గోభద, నారన, కంవాయ, సిరివాయ, సమగోప అని, అంతకుముందు ఏ పురాణంలోనూ మనం వినని రాజుల పేర్లు బయటపడ్డాయి. వాటితోపాటు చిముక శాతవాహనుడి నాణేలూ వున్నాయి. శాతవాహనులు మొదట ఎక్కడివాళ్ళు, పైఠణ్ వైపువాళ్ళా, మన గోదావరి ఒడ్డువాళ్ళా అన్న చర్చ ఆ చిన్న బిళ్ళలతో మళ్ళీ రాజుకుంది. ఇప్పుడు ఊహించండి. అవే నాణేలు ఏ హైదరాబాదు దుకాణంలోనో, ఎక్కడివో తెలియకుండా ఒక పళ్ళెంలో కనబడితే? పేర్లు చదవగలిగేవాళ్ళమే. కానీ ఈ రాజులు ఏ గడ్డను ఏలారో చెప్పేదెవరు? వాయవ్యాన ఏలిన గ్రీకు రాజుల్లో కూడా చాలామంది మనకు నాణేల వల్లే తెలుసు. వాళ్ళ నాణెం ఏ ఊళ్ళో దొరికిందన్నదే వాళ్ళ రాజ్యానికి సరిహద్దురాయి.

ఇంత దూరం ఎందుకు, మా ఇలాకా సంగతే చూడండి. దక్షిణాన సంగారెడ్డి వైపు కొండాపూర్ వుంది. 1940లలో నిజాం ప్రభుత్వ పురావస్తుశాఖ యాజ్దానీగారి ఆధ్వర్యంలో అక్కడ తవ్వితే శాతవాహనుల పట్టణం బయటపడింది. సీసం నాణేలు, నాణేలు పోసే మూసలు, అగస్టస్ బంగారు నాణెం కూడా. ఉత్తరాన బోధన్ వుంది. ప్రాచీన అశ్మకదేశపు రాజధాని పోదన అదేనని చరిత్రకారులంటారు. పటం తీసి ఈ రెండింటికీ మధ్య ఒక గీత గీయండి. ఎల్లారెడ్డి దాదాపు ఆ గీత మీదే పడుతుంది. ఆ కాలపు బిడారు ఈ దారిన నడిచిందా? మంజీర ఎక్కడ దాటింది? రాత్రి ఎక్కడ మజిలీ చేసింది? పెద్దాయన చెలక ఆ గీత మీద ఒక చుక్క అయివుండేదేమో. ఆయన ముంతలోవి విక్టోరియా రూపాయలే అయితే చుక్క లేదు, గొడవా లేదు. ఆ సంగతి తేల్చుకునే దారి కూడా కొలిమిలో పోయింది. చెప్పకపోతే ఎవలికేం పోతది అన్నాడు గదా. పోయింది ఆయన మనవలకే. తమ ఊరు నిన్న మొన్న పుట్టింది కాదని తెలుసుకునే హక్కు వాళ్ళది.

అయితే చోటు కూడా ఒక్కొక్కసారి అబద్ధమాడుతుంది. మన రైతులకు పాటిమన్ను విలువ తెలుసు. పాత ఊళ్ళు పాడుపడ్డ దిబ్బల మన్ను బండ్లకెత్తి చేలల్లో పోస్తారు, పంటకు మంచి బలం. ఆ మన్నుతోపాటు పెంకులూ పూసలూ నాణేలూ బండెక్కి మైళ్ళు ప్రయాణం చేస్తాయి. చెరువు పూడికా అంతే. 2015 మార్చిలో మిషన్ కాకతీయ మొదలుపెట్టింది మా దగ్గరి సదాశివనగర్‌లోనే. అప్పట్నుంచి ఎన్ని ట్రాక్టర్ల ఒండ్రు ఎన్ని పొలాల్లో పడిందో. ఆ పొలంలో రేపు ఒక నాణెం దొరికితే దాని అసలు చోటు పొలమా, చెరువా, చెరువులోకి వాన కొట్టుకొచ్చిన ఏ దిబ్బా? ఇది ఏ ప్రొఫెసరుగారూ పుస్తకం చూసి చెప్పలేడు. ఆ యేడు ఎవరి బండి ఎక్కడి మన్ను తోలిందో రైతుకే తెలుసు. నాణెం రైతుదా కాదా అని కోర్టులు తేల్చనివ్వండి గానీ, ఈ జ్ఞాపకం మాత్రం ముమ్మాటికీ రైతుదే. మనం అడుక్కోవలసింది దాన్ని.

మరి అడిగే తీరు ఎలా వుంది? 1878లో తెల్లదొరల కాలంలో ఒక చట్టం చేశారు. కచేరీ భాషలో ట్రెజర్ ట్రోవ్ యాక్టు. భూమిలో దాగివున్న సొత్తు పది రూపాయల విలువకు మించినది దొరికితే ఏం దొరికింది, ఎక్కడ, ఎప్పుడు అన్నీ రాసి కలెక్టరుకు తెలియజేయాలి. అసలు యజమాని ఎవరూ తేలకపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు, దొరికినవాడికి ముప్పాతిక, భూమి గలవాడికి పాతిక. సర్కారు తనే వుంచుకోదలిస్తే లోహం ఖరీదు, దానిపైన ఐదోవంతు చెల్లిస్తుంది. చెప్పకుండా దాస్తే ఏడాది దాకా ఖైదు. చదివితే న్యాయంగానే వుంది. కానీ చూడండి, లోహం ఖరీదట! అవుసలాయన తూకానికీ ఆ తూకానికీ తేడా ఐదోవంతే. ఆ ఐదోవంతు కోసం దరఖాస్తులు, పంచనామాలు, "ఇంకెన్ని దాచావ్?" అన్న ప్రశ్నలు. ఒక్క సీసం బిళ్ళ దొరికిందనుకోండి, దాని లోహం ఎంత చేస్తుంది? చరిత్రకు కావలసింది తరచుగా ఆ బిళ్ళే. బజారులో ఎవరి చేతిలోంచో జారిపడ్డ చిల్లర అది, అక్కడ బజారు వుండేదని చెప్పే సాక్షి.

అవుసలాయన గొప్పతనం ఏమిటంటే ఆయన ప్రశ్నలు అడగడు. బీదవాడి దృష్టిలో అడగనివాడు దయగలవాడు, అడిగేవాడు జవాను. చరిత్రకు బతుకంతా అడగటంలోనే వుంది. చిక్కు ఇక్కడ. దీన్ని పెద్దాయన తప్పు కింద రాయలేను. భయం నేర్పిన మౌనం అది. పట్నంలో నాణేలు కొనే పెద్దమనుషుల మీద మాత్రం నాకంత జాలి లేదు. ఎక్కడిదని అడగకుండా కొంటారు, ఆల్బంలో అతికిస్తారు, నలుగురికీ చూపిస్తారు. అవుసలాయన నాణేన్ని కరిగిస్తే వీరు ఊరిని కరిగిస్తారు. చదువుకున్నవాళ్ళు గనక వీరికి ఆ పేదవాడి భయం సాకు కూడా లేదు.

నాకు తోచింది చెబుతాను. వెండికి ఖరీదు కట్టినట్టు చోటుకూ ఖరీదు కట్టాలి. నాణెం నువ్వే వుంచుకో నాయనా, ఎక్కడ దొరికిందో చూపించు, ఇదిగో నీ కష్టానికి ఇంత, నీ పేరు మ్యూజియం చీటీ మీద వుంటుంది అని చెప్పగలిగే రోజు రావాలి. నరహరి శర్మగారి పేరు కోటిలింగాల నాణేలతో నిలిచిపోయింది గదా, అలాగే. ఖజానా వాళ్ళు నవ్వుతారని తెలుసు. సీసం బిళ్ళకు డబ్బిచ్చి దాన్ని రైతు దగ్గరే వుంచడమేమిటని ఆడిటరు ఎర్రసిరాతో రాస్తాడు. రాయనివ్వండి.

ఈలోగా మీ చేలో ఏదైనా దొరికితే ఒక చిన్న మనవి. చింతపండు పెట్టి తోమకండి. బూడిదతో రుద్దకండి. పైనున్న పొరతోపాటు అక్షరాలూ పోతాయి. దొరికింది దొరికినట్టు ఒక కాగితంలో చుట్టి, ఆ కాగితం మీద చెలక పేరు, తేదీ రాసిపెట్టండి. మన్ను చెరువు నుంచి తోలిందైతే ఆ చెరువు పేరు కూడా.