బాలల బొమ్మపై ఉపాధ్యాయుని చెయ్యి: దిద్దుబాటు – ఒక నైతిక పరిశీలన

తెలుగులో ‘దిద్దు’ అనే క్రియకు అర్థవిస్తృతి ఎక్కువ. ఓనమాలు దిద్దుతారు, బొట్టు దిద్దుతారు, తప్పు దిద్దుతారు, బిడ్డను తీర్చిదిద్దుతారు. గురువు రాసిన అక్షరం మీద శిష్యుడు మళ్లీ మళ్లీ రాయడం దిద్దడమే. శిష్యుడు రాసినదానిని గురువు సవరించడమూ దిద్దడమే. అక్షరాభ్యాసంలో ఈ రెండు పనులూ సమంజసమైనవి. ‘అ’ అనే అక్షరం సమాజానిది. దానిని పదిమంది చదవగలిగేలా రాయవలసి ఉంటుంది. అయితే ఆరేడేళ్ల పిల్లవాడు గీసిన ఆవు బొమ్మకు కూడా ఇదే న్యాయం వర్తిస్తుందా? ఆ బొమ్మను దిద్దే అధికారం ఉపాధ్యాయునికి ఎక్కడినుండి వస్తుంది? ప్రాథమిక తరగతులలో చిత్రలేఖనం, హస్తకళ, రూపకల్పన నేర్పడానికి పూనుకొన్నవారు పద్ధతుల కంటే ముందు తేల్చుకోవలసిన నైతిక ప్రశ్న ఇది.

స్వేచ్ఛావాదం – దాని పరిమితి

చిన్నపిల్లలు కంటికి కనిపించినదాని కంటే తమకు తెలిసినదానిని గీస్తారు. పక్కనుండి కనిపించే ఆవుకు రెండు కళ్లూ పెడతారు. గోడ అడ్డున్నా ఇంటిలోని మనుషులను చూపుతారు. అమ్మను ఇంటికంటే పెద్దదిగా వేస్తారు. ఇందులో వారిదైన తర్కం ఉందని గుర్తించినవారిలో వియన్నాకు చెందిన ఫ్రాంజ్ చీజెక్ ముఖ్యుడు. ఆయన 1897లో బాలల కోసం ప్రారంభించిన కళాతరగతి, పెద్దల చిత్రాలకు నకళ్లు తీయించే ఆనాటి అలవాటును నిరాకరించింది. 1943లో హెర్బర్ట్ రీడ్ విద్యకు కళయే పునాది కావాలని సవిస్తరంగా ప్రతిపాదించాడు. ఈ ఆలోచనాధార ప్రకారం బాలుని బొమ్మను దిద్దడమంటే అతని చూపును తొలగించి ఉపాధ్యాయుని చూపును అక్కడ నిలపడం.

ఈ వాదంలో బలముంది. కాని జోక్యం మానినంత మాత్రాన స్వేచ్ఛ సిద్ధించదు. చీజెక్ విద్యార్థుల చిత్రాలు ఒకే తీరుగా ఉన్నాయనే విమర్శ వచ్చింది. మన తరగతి గదులలో ‘మీకు ఇష్టమైన బొమ్మ వేయండి’ అన్నప్పుడు చాలా పలకల మీద రెండు కొండలు, నడుమ సూర్యుడు, ఒక గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు ప్రత్యక్షమవుతాయి. కొండ ఎరుగని డెల్టా గ్రామంలోనూ కొండలు వస్తాయి. అంటే, ఏ సాధనమూ ఇవ్వకుండా వదిలివేసిన పిల్లవాడు తనకు అందుబాటులో ఉన్న మూసను ఆశ్రయిస్తాడు. ఉపాధ్యాయుని మౌనం కూడా ఒక రకమైన నిర్ణయమే. దాని ఫలితానికి అతడు బాధ్యుడు.

పదార్థం చేసే దిద్దుబాటు

ఈ రెండు కొసల నడుమ ఒక మార్గాన్ని చేతిపనులు చూపుతాయి. చుక్కల ముగ్గు నేర్చుకొనే పిల్ల ఒక చుక్కను చుట్టడం మరచిపోతే మెలిక మూసుకోదు. తప్పు ఎక్కడ జరిగిందో అమ్మమ్మ చెప్పనక్కరలేదు, చుక్కలే చెబుతాయి. గోడ మందం సమంగా లేని మట్టిపిడత ఆరేటప్పుడు పగులుతుంది. తకిలీ మీద వడికే నూలు సన్నబడినచోట తెగుతుంది. ఈ దిద్దుబాటులో అవమానం లేదు. దాని కారణాన్ని పిల్లవాడు స్వయంగా పరీక్షించుకోగలడు, మళ్లీ ప్రయత్నించగలడు. ఏటికొప్పాక లక్కబొమ్మకు అంకుడు కర్ర, కొండపల్లి బొమ్మకు తెల్లపొణికి కర్ర స్థిరపడడం వెనుక తరతరాల చేతులు పదార్థం నుండి నేర్చుకొన్న పాఠముంది.

1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యా మహాసభ, చేతిపని కేంద్రంగా ఏడేళ్ల విద్యను ప్రతిపాదించినప్పుడు ఈ బోధనశక్తినే గుర్తించింది. అయితే పిల్లలు తయారుచేసిన వస్తువుల రాబడితో ఉపాధ్యాయుల జీతాలు గడవాలని గాంధీజీ ఆశించారు. ఆర్థికప్రయోజనం మీది శ్రద్ధ విద్యాలక్ష్యాలను మింగివేసే ప్రమాదముందని జాకిర్ హుస్సేన్ కమిటీ తన నివేదికలోనే హెచ్చరించింది. నూలు అమ్ముడుపోవలసి వచ్చినప్పుడు దానిని కొలిచేది సంత. అప్పుడు పోగు తెగడం పాఠంగా ఉండదు, నష్టంగా మారుతుంది.

ఇక్కడ కులప్రశ్నను దాటవేయడం సాధ్యం కాదు. వృత్తికుటుంబంలో పిల్లవానికి నైపుణ్యం పుట్టుకతో పాటు విధిగా వచ్చింది. వద్దనే హక్కు అతనికి లేదు. చేతిపనిని అందరి పిల్లలకూ నేర్పడం ద్వారా పాఠశాల ఆ ముడిని విప్పగలదు. అదే పాఠశాల కుమ్మరి ఇంటి పిల్లకు తెలిసినదానిని వారానికొక గంట వినోదంగా కుదిస్తే, ఆమె జ్ఞానాన్ని తక్కువ చేసినట్లవుతుంది.

ప్రదర్శనలోని అసత్యం

పాఠశాల ప్రదర్శనల సందర్భంలో దిద్దుబాటు సమస్య తీవ్రరూపం దాలుస్తుంది. తనిఖీకి వచ్చే అధికారి కోసమో, తల్లిదండ్రుల మెప్పు కోసమో ఉపాధ్యాయుడు బొమ్మను తానే పూర్తిచేసి, కింద పిల్లవాని పేరు రాస్తాడు. అందరూ మెచ్చుకొంటారు. తన చెయ్యి చాలదనీ, ఇతరుల పనిని తనదిగా చెప్పుకోవచ్చుననీ రెండు పాఠాలు ఆ ఒక్క రోజే పిల్లవానికి అందుతాయి. దిద్దుబాటులోని నైతికదోషం ఇక్కడ స్పష్టంగా బయటపడుతుంది.

ఉపసంహారం

ఉపాధ్యాయుడు దిద్దదగినది ఏదో, దిద్దరానిది ఏదో విడదీయడం అవసరం. కత్తెర పట్టే తీరు, కుంచె కడిగే పద్ధతి, మట్టి పిసికే పాకం – ఇవి అక్షరం వంటివి. నిస్సంకోచంగా నేర్పాలి, తప్పితే దిద్దాలి. ఏమి వేయాలి, అమ్మ ఎంత పెద్దగా ఉండాలి అనేవి బాలుని ఉద్దేశానికి చెందినవి. అక్కడ ఉపాధ్యాయుని పని ‘నీవు ఏమి చేయదలచావు?’ అని అడిగి, ఆ ఉద్దేశం నెరవేరే ఉపాయాన్ని వేరొక కాగితం మీద చూపడం. ఈ భేదం ప్రతి సందర్భంలోనూ సులభంగా తేలదు. ఉద్దేశమూ నైపుణ్యమూ ఒకే గీతలో కలిసి ఉండవచ్చు. అటువంటప్పుడు పిల్లవానిని అడగకుండా అతని కాగితం మీద గీత గీయకపోవడమే ఉపాధ్యాయుడు పాటించవలసిన కనీస ధర్మం.