సరిచేయడం, సరిపెట్టడం

మన భాషలో ‘సరి’ అనేది చిన్న మాటే గాని చాలా బరువు మోస్తుంది. తమిళంలోనూ కన్నడంలోనూ కూడా ఆ మాట ఉంది గనక, ఆ ప్రాంతాల్లో స్థిరపడిన మనకు ఇంటా వీధిలోనూ రోజుకు ఎన్నిసార్లు చెవిన పడుతుందో లెక్కలేదు. తెలుగులో దాని నుంచి పుట్టిన క్రియలు రెండున్నాయి: సరిచేయడం, సరిపెట్టడం. పైకి తోబుట్టువుల్లా ఉంటాయి. కాని మొదటిది వస్తువును దాని కొలతకు తీసుకువస్తుంది. రెండవది కొలతనే వస్తువు దగ్గరకు దించుతుంది. ఈ తేడా ఏమిటో పాత కారు ఇంజను విప్పినప్పుడు బాగా తెలుస్తుంది.

అంబాసిడర్‌నే తీసుకుందాం. 2014లో దాని తయారీ ఆగిపోయింది. అయినా దాన్ని ప్రేమగా కాపాడుకుంటూ, సెలవురోజున ఇంటి ముందరే మరమ్మతు చేసుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. దాని 1489 సి.సి. పెట్రోలు ఇంజనులో నాలుగు సిలిండర్లు, ఎనిమిది వాల్వులు. వాల్వును తెరిచేది రాకర్ అయితే, మూసేది స్ప్రింగు. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే ఒక్కొక్క వాల్వు 1500 సార్లు, అంటే సెకనుకు 25 సార్లు తెరుచుకుని మూసుకోవాలి. గంటకు 90,000 సార్లన్నమాట. స్ప్రింగు అలిసిపోతే వాల్వు వేళకు మూసుకోదు. వేగం పెంచినప్పుడు ఇంజను తడబడుతుంది, బలం తగ్గుతుంది. నెమ్మదిగా బజారుకు పోయివచ్చేవారికి ఆ సంగతి తెలియకపోవచ్చు కూడా.

ఒక వాల్వు స్ప్రింగు విరిగిందనుకుందాం. రేడియేటరులో నీళ్లు తీసేసి, హెడ్డు దించి బల్లమీద పెడతారు. కంప్రెసర్ అనే పనిముట్టుతో స్ప్రింగును అదిమి, వాల్వు కాడను పట్టుకుని ఉన్న రెండు చిన్న లాకులను తీస్తారు. చెయ్యి జారితే లాకు ఎగిరి కంటికి తగులుతుంది గనక కళ్లద్దాలు పెట్టుకోవాలి. విరిగినదాన్ని తీసి కొత్తది వేయడం పెద్ద పని కాదు. చిక్కంతా మిగిలిన ఏడు వాల్వులతోనే. వాటి స్ప్రింగులు విరగలేదు. కంటికి బాగానే ఉన్నాయి. కాని అవీ విరిగినదానితో పాటు ఇంజనులోకి వచ్చినవే, దానితో సమంగా కాగినవే, సమంగా కొట్టుకున్నవే.

ఇక్కడ చూపు చాలదు, కొలవాలి. బిగింపు లేనప్పుడు స్ప్రింగు ఎంత పొడవుండాలో మాన్యువల్‌లో ఉంటుంది. ఇంట్లోనే చేయగల పరీక్ష ఇంకొకటి ఉంది. పాత స్ప్రింగునూ కొత్తదాన్నీ కొసకు కొస చేర్చి, మధ్య చదునైన రేకుముక్క పెట్టి, వైసులో బిగించాలి. రెండింటిలో ఏది ఎక్కువ కుంగితే దానికి సత్తువ తగ్గినట్టు. ఒంటరిగా నిలబెడితే పాతది కూడా నిటారుగానే నిలబడుతుంది. సాటిదానితో బరువు పంచుకోవలసి వచ్చినప్పుడే దాని సంగతి బయటపడుతుంది.

అప్పుడొక సులువైన ఉపాయం తోస్తుంది. అలిసిన స్ప్రింగు కింద పలచని వాషరు వేస్తే అది ఇంకొంచెం నొక్కుకుని, కొత్తదానిలా బిగువుగా ఉంటుంది. ఈ వాషరు తప్పా? వాల్వు సీటు చెక్కించినప్పుడు కాడ పైకి జరిగి స్ప్రింగుకు చోటు పెరుగుతుంది. పెరిగినంత మేర వాషరు వేయడం మెకానిక్కులు ఒప్పుకున్న పద్ధతే. అది సరిచేయడం. అదే వాషరు సత్తువ ఉడిగిన స్ప్రింగు కింద వేస్తే సరిపెట్టడం. పైగా మందం మించితే, వాల్వు పూర్తిగా తెరుచుకునే సమయానికి చుట్లు ఒకదానినొకటి ఆనుకుని పుష్‌రాడ్ వంగిపోవచ్చు. వస్తువు ఒకటే, వేసిన చెయ్యీ ఒకటే. కొలతను నిలబెట్టడానికి వేశామా, కొలత తప్పిన సంగతి కప్పడానికి వేశామా అన్నదే తేడా.

“ఇది డబ్బున్నవాళ్ల నీతి” అని ఎవరైనా అనవచ్చు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. చెన్నైలో పుదుప్పేట, బెంగళూరులో జె.సి. రోడ్డు తిరిగి తిరిగి, కావలసిన సెట్టు దొరకకనో, దొరికినా కొనలేకనో ఉన్నదానితో బండి నడుపుకునేవాణ్ణి తప్పుపట్టే హక్కు మనకు లేదు. మన అమ్మమ్మలూ నానమ్మలూ ఎన్ని సంసారాలను సరిపెట్టి ఒడ్డుకు చేర్చలేదు! కొలతకు నిలిచిన స్ప్రింగును పాతదన్న కారణంగా పారేయడమూ దోషమే. కనుక సరిపెట్టడం తప్పు కాదు. సరిపెట్టినదాన్ని సరిచేశానని చెప్పడం తప్పు. ‘వాషరు వేశాను, కొత్తవి దొరికేదాకా వేగంగా నడపను’ అనుకున్న మనిషి ఎవరినీ మోసం చేయలేదు. ‘ఇంజను కొత్తదానిలా ఉంది’ అని చెప్పి ఆ బండినే అమ్మినవాడు చేశాడు.

ఇంట్లో చేసుకునే పనికి ఇక్కడే ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. షాపులో చేసేవాడొకడు, అనుభవించేవాడొకడు. అడిగే మనిషి ఒకడుంటాడు. ఇంట్లో పనివాడూ యజమానీ ఒక్కరే. ‘నా బండి, నా ఇష్టం’ అనిపిస్తుంది. కాని వెనక సీటులో కూర్చునే పిల్లలున్నారు. లారీని దాటబోయే క్షణంలో ఇంజను తడబడితే, ఎదురుగా వచ్చే సైకిలు మనిషి ఉన్నాడు. రేపు ఆ బండిని కొనేవారున్నారు. హెడ్డు మూసేటప్పుడు వీళ్లెవరూ పక్కన లేరు. బిగించాక పైన పటారం లోన లొటారమైనా ఆ సంగతి తెలిసేది ఒక్కరికే. తెలిసింది ఒక్కరికే గనక బాధ్యతా ఆ ఒక్కరిదే.

దీనికి పెద్ద వేదాంతం అక్కరలేదు. ఎనిమిది వాల్వుల స్ప్రింగుల కొలతలు, ఏవి కొత్తవి, దేని కింద ఎంత మందం వాషరు ఉంది అన్నవి తేదీ వేసి ఒక కాగితం మీద రాసి, కారు కాగితాల్లో పెడితే చాలు. తర్వాత విప్పేవారికి అది దారి చూపుతుంది, కొనేవారికి నిజం చెబుతుంది. ఆ కాగితం రాయడానికి చెయ్యి వెనకాడితే మాత్రం, పని ఇంకా సరికాలేదన్నమాట.