మిగులు అవయవము కలదా?

ఖరగ్‌పూరు పట్టణపు ఖరిదాలో తెలుగు మాట వినబడుటకు రైల్వే కారణము. 1927లో బెంగాల్ నాగపూర్ రైల్వే అచ్చటి వర్క్‌షాపు పనివారిలో కొందరిని అధికులని తొలగింపబూనగా సమ్మె జరిగెను. వారి పక్షమున నిలిచినవారిలో మన వి. వి. గిరి ఒకరు. సంస్థ బ్రదుకుటకై కొందరిని త్రోసివేయుట న్యాయమా?

శరీరమును ఆపదలో ఇట్టి నిర్ణయమే చేయునట్లు కనబడును. రక్తము మిక్కిలి కారిపోయినప్పుడు చర్మమునకు, ప్రేగులకు, మూత్రపిండములకు పోవు నాళములు ముడుచుకొనును. మిగిలిన రక్తము మెదడునకును గుండెకును చేరును. అది కొంతసేపటికే మేలు. ఆలస్యమైనచో, దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును వడగట్టు మూత్రపిండములు చెడును. రక్తములో పొటాషియము పెరుగును. కాపాడబడిన గుండెయే ఆగిపోవచ్చును. పౌలు కొరింథు సంఘమునకు అవయవములనుగూర్చి వ్రాసిన కాలమున ఈ లెక్కలెవరికిని తెలియవు.

శరీరము మూత్రపిండములను కొంతసేపు ఓర్చుకొమ్మనును గాని, అధికమైనవని యనదు. ఖరగ్‌పూరు పనివారితో చెప్పబడినది ఓర్చుకొమ్మను మాట కాదు.