ఉపవాసము చేయలేని బిడ్డ

పాలారు నీరు బేతమంగళ చెరువులో నిలిచి కోలారు బంగారు గనుల ఊళ్ళకు త్రాగునీరుగా వెళ్ళింది. గనులు 2001లో మూతపడినవి. అయినను ఆ ప్రాంతపు వర్తకులకు గీటురాయి సంగతి వేరే చెప్పనక్కరలేదు. రాతిమీద గీత చూసినంత మాత్రాన ఎవరును తుది మాట చెప్పరు; అనుమానమున్నచో పుటం పెట్టి చూస్తారు. పుట్టిన బిడ్డ రక్తానికి కూడా నేడు అటువంటి గీటురాయి ఒకటి ఉన్నది.

బిడ్డ పుట్టిన రెండు మూడు రోజులలో మడమపై సూదితో గుచ్చి, నాలుగైదు రక్తపు బొట్లను దళసరి కాగితముపై ఆరబెడతారు. ఈ పద్ధతిని 1960లలో అమెరికాలో రాబర్ట్ గథ్రీ వ్యాప్తికి తెచ్చాడు. అప్పట్లో ఒక్కొక్క వ్యాధికి ఒక్కొక్క పరీక్ష కావలసి వచ్చేది. 1990 నాటికి డ్యూక్ విశ్వవిద్యాలయములో డేవిడ్ మిల్లింగ్టన్ మున్నగువారు మాస్ స్పెక్ట్రోమీటరు అనే యంత్రాన్ని ఈ పనికి మలచారు. గురిగింజలతో బంగారం తూచినట్లు ఇది అణువులను తూచుతుంది. వాటికి విద్యుదావేశమిచ్చి, బరువును బట్టి వేరుచేసి, పగులగొట్టి, ఆ ముక్కలను మరల తూచుతుంది. రెండు మూడు నిమిషాలలో ముప్పై నలభై పుట్టు వ్యాధుల జాడ తెలియగలదు. జాడ మాత్రమే, పుటం పెట్టవలసిన పని తరువాత ఉంటుంది. బెంగళూరులో 1980లోనే వేరే పద్ధతులతో నవజాత శిశువుల పరీక్ష ఆరంభమై, లక్షకు పైగా బిడ్డలను చూశారు. బేతమంగళలో ఆరబెట్టిన కాగితము బెంగళూరు చేరడానికి ఒక పూట చాలు.

ఈ వ్యాధులలో ఒకటి జైన గృహాలను ప్రత్యేకంగా ఆలోచింపజేయవలసినది. ఆహారం అందనప్పుడు శరీరము తన కొవ్వును కరిగించుకొని బ్రతుకుతుంది, ఉపవాసమునకు ఆధారమదే. కొందరు బిడ్డలలో ఆ కొవ్వును కాల్చే ఎంజైము లోపించి ఉంటుంది. మన దేశములో ఇది అరుదే. బిడ్డ చూడ ముచ్చటగా ఉంటాడు. ఒక జ్వరములో రెండు పూటలు తినకపోతే రక్తములో చక్కెర పడిపోయి, మగత కమ్మి, ప్రాణమే పోవచ్చును. మందు ఏమిటయ్యా అంటే, వేళకు తిండి! శైశవములో రాత్రులందు కూడా గంటలు లెక్కపెట్టి పాలు పట్టాలి. పెద్దయిన తరువాత కూడా దినమంతా ఉపవాసం తగదు. ఇంతమాత్రము జాగ్రత్తతో ఆ బిడ్డ అందరివలె పెరుగుతాడు.

పర్యూషణములో అఠాయి చేసిన పిల్లవానిని ఊరేగించే సమాజములో ఈ బిడ్డ స్థానమేమి? కర్మఫలాన్ని యంత్రము తప్పిస్తుందా అని కొందరు పెద్దలంటారు. కర్మోదయము ద్రవ్య క్షేత్ర కాల భావాలను అనుసరించి ఉంటుందని మన శాస్త్రమే చెప్పగా, వేళకు అందిన గిన్నెడు పాలు ఆ ద్రవ్యములో చేరవా? తపస్సులు పన్నెండు, ఉపవాసము అందులో ఒకటి. షోడశ భావనలలో తపస్సుకు ముందు ‘శక్తితః’ అన్న మాట ఊరకే చేరలేదు. ప్రత్యాఖ్యానములకు ఆగారములు ఉండనే ఉన్నవి. సూదిపోటు హింస కాదా అన్న శంక చిన్నది. హింసకు మూలము ప్రమాదమని, అనగా ఏమరుపాటని, మనవారు ఎరుగుదురు. తెలుసుకొనగలిగి తెలుసుకొనకపోవడమే ఇక్కడ ఏమరుపాటు.

అయితే చికిత్స లేని వ్యాధులను కూడా యంత్రము చూపుతుంది. అక్కడ పెద్దల సంకోచము తెలివిమాలినది కాదు.

అసలు భయము వేరొకటి, సంబంధాల భయము. ఫలితము బయటపడితే కోడలి పుట్టింటివైపు వ్రేలు చూపుతారు. కాని ఇటువంటి వ్యాధులు చాలావరకు తల్లి నుండి ఒక పాలు, తండ్రి నుండి ఒక పాలు వచ్చి కలిసినప్పుడే కలుగుతాయి, ఇద్దరును ఆరోగ్యవంతులే. మేనరికాలలో అవకాశము ఎక్కువ. గోత్రము విడిచి చేసుకొన్నవారికి లేదని మాత్రము కాదు. కాగితము బీరువాలో దాచితే మామగారి పరువు నిలుస్తుంది. కాని జ్వరము వచ్చిన రాత్రి ఆ కాగితము వైద్యుని చేతిలో ఉండాలి.

సంవత్సరీనాడు అట్టి బిడ్డకు ఒళ్ళు వేడెక్కినదనుకొందాము. చౌవిహార ఉపవాసములో ఉన్న తల్లి, తాను చుక్క నీరు ముట్టక, అర్ధరాత్రి లేచి పాలలో చక్కెర కలిపి బిడ్డచేత త్రాగిస్తుంది. ప్రక్క గదిలో నాయనమ్మ మేలుకొని, గిన్నె చప్పుడు వినబడినదా లేదా అని ఆలకిస్తూ ఉంటుంది.