మంచులో కనబడని పొరుగువాడు



తెలుగులో మంచు అనే మాట ఒక్కటే. గడ్డి మీద పడేదీ మంచే, దారిని కమ్మేదీ మంచే, చలిదేశములలో కురిసి గడ్డకట్టేదీ మంచే. మన సంఘముల పిల్లలు కొందరు నేడు అటువంటి దేశములలో కాపురమున్నారు. "మంచు పడుతున్నది, బండి తీయాలంటే భయంగా ఉన్నది" అని ఫోనులో చెబుతారు. కోలారు జిల్లాలో ఆ మంచు కురవదు. అయినను సముద్ర మట్టానికి 800 మీటర్లకు పైన ఉన్న ఈ పీఠభూమిలో డిసెంబరు, జనవరి నెలల తెల్లవారుజామున పొగమంచు దిగితే, ఎదుట పది బారల దూరము కూడ కనబడని రోజులుంటాయి. కాబట్టి ప్రశ్న వారికీ మనకూ ఒక్కటే. కనబడని దారిలో బండి నడుపువాడు ఎవరికి జవాబుదారి?

మాకు జరిగిన సంగతి చెబుతాము. కొన్నేండ్ల క్రితము ఒక జనవరి ఉదయము, బెంగళూరులో పెండ్లికి వేళ మించిపోతున్నదని కె.జి.ఎఫ్. నుండి కారులో బయలుదేరాము. పొగమంచు దట్టముగా ఉన్నది. ప్రార్థన చేసుకొని బయలుదేరాము గదా అనే ధైర్యముతో వేగము తగ్గించలేదు. ఒక మలుపులో పాల క్యానులు కట్టిన సైకిలు ఉన్నట్టుండి ఎదుట కనబడినది. బ్రేకు వేశాము. కారు జారి, ప్రక్కకు తిరిగి, సైకిలుకు జానెడు దూరములో ఆగినది. ఆయన పడలేదు గాని ఒక క్యానులోని పాలు ఒలికిపోయినవి. ఆయన మమ్మును తిట్టలేదు. "మీ లైటు నాకు కనపడె సారూ, నేను మీకు కనపడలేదా?" అని మాత్రము అడిగినాడు. పాల వెల ఇచ్చి, పెండ్లికి వెళ్లి భోజనము చేసి వచ్చాము. ఎవరును మమ్మును తప్పు పట్టలేదు.

ఆ ప్రశ్న మాత్రము మమ్మును విడువలేదు. అదే ఉదయము అదే వేగముతో వెళ్లిన మరొకడు ఆ సైకిలును గుద్ది ఉంటే లోకము అతనిని నేరస్థుడనును. మమ్మును పెండ్లిపందిట్లో పెద్దమనిషిగా కూర్చుండబెట్టినది. ఇద్దరి మధ్య తేడా ఒక జానెడు. ఆ జానెడు మా మంచితనము కాదు. న్యాయస్థానము జరిగినదానిని బట్టి తీర్పు తీర్చవలసినదే. చనిపోయినవాని ఇంటివారికి ఆ తేడా కొండంత. కాని మనస్సాక్షి యెదుట మేము చేసినదానికే లెక్క చెప్పవలెను. "ఏమీ కాలేదు గదా" అనుట అక్కడ చెల్లదు.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో, క్రొత్త ఇల్లు కట్టువాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెనను ఆజ్ఞ ఉన్నది. పడిన తరువాత కాదు, పడకముందే. ఎవరు పడుదురో తెలియదు గనుకనే కట్టవలెను. ప్రార్థన పిట్టగోడకు బదులు కాదు.

మన గనులవారికి ఈ పాఠము క్రొత్త కాదు. ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు మించిన లోతు. కేజీని దింపే వైండింగ్ ఇంజను డ్రైవరుకు అందులోని మనుష్యులు కనబడరు. గంట గుర్తులు విని, ఆ ప్రకారమే నడుపవలెను. తొందరగా ఉన్నదని గంటకు ముందే కదిలించే హక్కు అతనికి లేదు. 2001లో గనులు మూతపడినవి. నాటినుండి మన పిల్లలు అనేకులు చీకటితోనే బెంగళూరు పనులకు పోవుచున్నారు. అదే వేళకు పాలవారు, కోలారు మార్కెట్టుకు టమాటా తీసికొనిపోవు రైతులు, పట్టుగూళ్లు తెచ్చేవారు దారిలో ఉంటారు. గని నేర్పిన క్రమశిక్షణ ఇప్పుడు రోడ్డు మీదికి రావలెను.

లెక్క చూడండి. గంటకు 80 కి.మీ. అంటే సెకనుకు 22 మీటర్లు. కాలు బ్రేకు మీదికి పోయేలోగానే ఒక సెకను గడచును. ఆ తరువాత ఎండిన రోడ్డు మీద కూడ ఆగుటకు మరి 35 మీటర్లైనను కావలెను. కనబడేది 20 మీటర్లయితే కండ్లు మూసుకొని నడిపినట్లే. గడ్డకట్టిన మంచు మీద ఆగే దూరము పది రెట్ల వరకు పెరుగును. కనుక కనబడినంతలో ఆగగలిగే వేగమే న్యాయమైన వేగము. హై బీమ్ వేస్తే పొగమంచు ఆ వెలుగును మన కండ్లలోకే త్రిప్పికొట్టును, లో బీమ్ చాలును. ఏమియు కనబడనప్పుడు రోడ్డు పూర్తిగా దిగి ఆపుకొనవలెను. చలిదేశములలోని మన పిల్లలు కారు కప్పు మీది మంచును కూడ దులిపి బయలుదేరవలెను. అది ఎగిరి వెనుకవాని అద్దముపై పడును, ముందువానికి తెలియనే తెలియదు.

ఆలస్యమైతే జీతము కోస్తారని పిల్లలంటారు. అది నిజమైన కష్టమే, తేలికగా తీసివేయము. అయితే ఆలస్యపు నష్టము మనము తెలిసి భరించేది. ప్రమాదము మనము అడగకుండ ఇతరుల నెత్తిన పెట్టేది. ఆ పాలాయనను ఎవరూ పెండ్లికి పిలువలేదు. ఆ తొందరలో ఒలికినవి మాత్రము ఆయన పాలు.

పెద్దలమైన మన వంతు కూడ ఉన్నది. మంచు రోజున ఆరాధనకు ఆలస్యముగా వచ్చినవారిని వెనుదిరిగి చూడకుందము. పెండ్లి అరగంట ఆగినను పెండ్లియే. ఇంటినుండి బయలుదేరు బిడ్డకు "త్వరగా రా" అనుటకు బదులు "మెల్లగా రా, కనిపెట్టుకొని ఉంటాము" అని చెప్పుదము.