చివరి నల్లా ఎవరిది?

నీళ్ళకు కులం లేదంటరు. నిజమే, నీళ్ళు పల్లం దిక్కే పోతయి. మరి చాలా ఊళ్ళల్ల మాదిగవాడలు పల్లంలనే ఉన్నయి గదా! వానకాలం ఊరి మురుగంతా మా ఇండ్లల్లకే వస్తది. నల్లా నీళ్ళు మాత్రం మా దాకా ఎందుకు రావు? నీళ్ళ పైపుల నక్షలు గీసే కొలువుల ఉన్నన్నాళ్ళు నన్ను తొలిచిన ప్రశ్న ఇది.

మా శేరిగూడ నాగార్జునసాగర్ రోడ్డు మీది ఊరు. దగ్గర్లనే కుతుబ్‌షాహీల కాలం నాటి ఇబ్రహీంపట్నం పెద్దచెరువు. 2004లో కృష్ణానీళ్ళు గున్‌గల్ మీదుగా, ఈ దిక్కు నుంచే హైదరాబాదుకు పోయినయి. నూరు కిలోమీటర్లకు పైగా పంపులతో ఎత్తెక్కి పోగలిగిన నీళ్ళకు, ఏ ఊర్లనైనా ఊరికీ వాడకూ నడుమ ఉన్న జానెడు జాగ ఎట్ల దూరమైతది?

పైపు లెక్క ఇట్లుంటది. ముప్పై ఏండ్లకు జనం ఎంతైతరో చూస్తరు. తలకు ఇన్ని లీటర్లని కడతరు. పాత లెక్కల పల్లెకు 40 లీటర్లు. 2016లో మొదలైన మిషన్ భగీరథ పల్లెకు 100, మున్సిపాలిటీకి 135 అన్నది. 1999 నాటి కేంద్ర మాన్యువల్ ప్రకారం, ఒక్క అంతస్తు ఇండ్ల కాడ పైపుల కనీసం ఏడు మీటర్ల ఒత్తిడి మిగలాలె. న్యాయమంతా ఆ ఏడు మీటర్లలనే ఉంది.

ట్యాంకు నుంచి బయలెల్లిన నీళ్ళు పైపు గోడలకు రాసుకుంట దమ్ము పోగొట్టుకుంటయి. పైపు సన్నగైనకొద్దీ రాపిడి ఎక్కువ. ఊరి కోసమని వేసిన పైపుకు తర్వాతెప్పుడో వాడను అతుకు పెడతరు. నడుమ ఇండ్లోళ్ళు మోటర్లు బిగిస్తరు. మాకు గాలి వస్తది. కాగితంల మాత్రం 'వాడకు నల్లా ఇచ్చినం' అని రాసుంటది.

"వాడకు ఇంత సన్న పైపేంది సారూ?" అని ఒకసారి అడిగిన. "టెయిల్ ఎండ్ గదనయ్యా, ఎంతొస్తె అంత" అన్నడు పెద్దసారు. ఆయన మమ్మల్ని ఎన్నడూ పల్లెత్తు మాట అనలే. అందుకే ఈ ప్రశ్న ఇంకా గట్టిగ పట్టుకుంది. ఎవ్వరూ వద్దనకుండనే నీళ్ళు ఆగిపోతే, అది అంటరానితనమా, కాదా?

అవుననే నేనంటున్న. మా అమ్మ తన పుట్టినూరి బాయికాడ కుండ పట్టుకొని నిలబడేది. ఎవరన్న తోడి పైనుంచి పోస్తేనే నీళ్ళు. ఆపే చెయ్యి కండ్లముందట కనబడేది. మహాద్ చెరువును మునిసిపాలిటీ 1924లనే కాగితం మీద అందరికీ తెరిచింది. 1927 మార్చి 20న అంబేడ్కర్ పోయి తాగితే తెలిసింది, కాగితానికీ దోసిలికీ ఎంత దూరమో. 1985 జులైల కారంచేడు మాదిగల మీద దాడి కూడ, తాగేనీళ్ళ చెరువు ఖరాబు చెయ్యొద్దన్న కాడనే మొదలైంది. ఇప్పుడు ఆపే చెయ్యి కనబడదు. అది పైపు సైజులకు చేరింది.

అమెరికాల ఒహాయో రాష్ట్రం, జేన్స్‌విల్ పక్కన కోల్ రన్ అనే నల్లవాళ్ళ వాడ ఉంది. చుట్టుపక్కల తెల్లవాళ్ళ ఇండ్లకు పైపు పోయింది. వీళ్ళకు యాభై ఏండ్ల దాకా రాలే. బొగ్గుగనులతో బాయినీళ్ళు చెడిపోతే, వాననీళ్ళు పట్టుకొని, బండ్ల మీద మోసుకొని బతికిన్రు. 2008 జులైల జ్యూరీ ఇది జాతి వివక్షేనని తేల్చి, దాదాపు కోటీ పది లక్షల డాలర్లు పరిహారం ఇయ్యమన్నది. పైపు వెయ్యకపోవుడే అక్కడ నేరమైంది.

"ప్రతి పైపుకూ చివర ఉంటది, ఎవరో ఒకరు అక్కడ ఉండాలె గదా" అంటరు. ఉండాలె, కాదనను. కాని లెక్క ఎక్కడి నుంచి మొదలుపెడతవు? చివరి నల్లా కాడ ఏడు మీటర్లు పెట్టి, ట్యాంకు దిక్కు వెనక్కి లెక్కగట్టు. ఏ పైపు ఎంత లావుండాల్నో అదే చెప్తది. చివరను తిప్పి ఇంకో పైపుకు కలిపితే చివర అనేదే ఉండదు. ఖర్చు ఎక్కువైతదంటరు. ఇన్నేండ్లు ఆ ఖర్చు మా ఆడోళ్ళ నెత్తుల మీద, నడుముల మీద పడ్డది. ఎవ్వరూ లెక్కల రాయని పాత బాకీ అది.

చదువుకునే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మీ ఊరికి కొత్త పైపు వస్తదంటే నల్లాలెన్నని అడిగి ఊకోకుండ్రి. నక్ష చూపియ్యమనుండ్రి. చివరి నల్లా ఎవరిది, అక్కడ ఎన్ని మీటర్లు మిగిలినయని అడుగుండ్రి.