పర్లాకిమిడి భక్తకవి పురుషోత్తమ చౌధరి

వంశధార, నాగావళి నదుల నడుమ ఉన్న పల్లెలకు క్రైస్తవ సువార్త, అంటే యేసుక్రీస్తు ద్వారా మనిషికి కలిగే రక్షణను గూర్చిన శుభవార్త, ఎక్కువగా సంచార బోధకుల నోటనే చేరింది. ఆ బోధకుల్లో అగ్రగణ్యుడు పురుషోత్తమ చౌధరి. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో, తరాల క్రితం వచ్చి స్థిరపడిన వంగ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన ఆయన సంస్కృతాంధ్రాలను శ్రద్ధగా అభ్యసించి, ముప్పై ఏళ్ల వయసులో, 1833లో, బళ్ళారిలో బాప్తిస్మం పొందాడు. బాప్తిస్మమంటే క్రీస్తును అంగీకరించినందుకు గుర్తుగా తీసుకునే జలసంస్కారం. దీన్ని శిశువులకు ఇవ్వక, తెలిసి విశ్వసించినవారిని నీటిలో ముంచి ఇచ్చే శాఖవారినే బాప్టిస్టులంటారు. ఒడిశాలో పనిచేసిన బాప్టిస్టు మిషన్ తన తొలి బాప్తిస్మాన్ని 1827లో బరంపురంలో ఒక తెలుగువాడికే ఇచ్చిందన్నది ఇక్కడ గుర్తుంచుకోదగిన విషయం.

చౌధరి సువార్త సంచారం గంజాం, విశాఖపట్నం జిల్లాల్లో దశాబ్దాల పాటు సాగింది. ఆ దారిన రైలు మార్గం 1893–96 మధ్యగాని పడలేదు. ఆయన 1890లోనే కన్నుమూశాడు. కనుక ఆయన ఎరిగినవి బండిబాటలు, ఏటి రేవులే. సంతలు, తీర్థాలు ఆనాటి బోధకులకు ప్రసంగ వేదికలు. బైబిలు రెండో భాగమైన కొత్త నిబంధన 1818లోనే తెలుగులో అచ్చయినా, చదువురాని శ్రోతకు అచ్చుపుస్తకం అందదు, పాట అందుతుంది. చౌధరి ఘనత ఇక్కడే ఉంది. 'యేసు నాయక శతకం', 'నిస్తార రత్నాకరం' వంటి గ్రంథాలు రాసినా, ఆయనను నిలిపినవి కీర్తనలే.

ఆయన కీర్తనలు చేరిన, చాలా తెలుగు క్రైస్తవ సంఘాలకు ఉమ్మడి పాటల పుస్తకమైన 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' తెరిస్తే, కీర్తనకు పైన రాగం, తాళం, కింద పల్లవి, అనుపల్లవి, అంకెలు వేసిన చరణాలు, కవి పేరు కనిపిస్తాయి. సంస్కృత సమాసాలతో బిగువుగా నడిచే చరణాన్ని నాయకుడు పాడుతుంటే, సమాజం ప్రతిసారీ పల్లవిని అందుకుంటుంది. ఆ విధంగా నాలుగు చరణాలు పూర్తయ్యేసరికి అక్షరం రానివారికి సైతం పల్లవి కంఠస్థమవుతుంది. భజనకు, హరికథకు అలవాటుపడిన చెవికి ఈ పద్ధతి పరాయిది కాదు.

ఫలానా కీర్తన ఫలానా ఆపదలో ఆశువుగా వెలువడిందని, ఫలానా పాట విని కఠినుడు కరిగాడని చెప్పే కథలు విశ్వాసుల ఇళ్లలో తరతరాలుగా వినిపిస్తాయి. వాటన్నిటికీ ఆధారం చూపడం సాధ్యం కాదు, చూపవలసిన అవసరమూ లేదు. పాపభీతి, శరణాగతి, నిబ్బరం ఆ కీర్తనల్లోనే ప్రత్యక్షంగా ఉన్నాయి, వాటిని అనుభవించని కవి అలా రాయలేడు.

1875లో కెనడా బాప్టిస్టు మిషనరీలు భీమునిపట్నం, బొబ్బిలి, శ్రీకాకుళం దిక్కుకు పని విస్తరింపజేయడం మొదలుపెట్టేనాటికి చౌధరికి డెబ్బై రెండేళ్లు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి సరిహద్దుకు ఆవల చేరినా, ఆయన కీర్తనలు ఈవలి బాప్టిస్టు సంఘాల్లోనే గాక, గుంటూరు లూథరన్ శాఖ ఆలయాల్లోనూ ఆరాధనలో పాడుతున్నారు.